బెజ్జాల మిషనాయన

ఆయన పోయారని నాకు రాజోలు బస్సులో తెలిసింది. చెప్పింది మా పాత షాపు మేస్త్రీగారు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అయినా బస్సు ఎక్కడంలో నాకంటే చురుకు. నాకోసం కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు. మేమిద్దరం ఒకే రేకుల షెడ్డు కింద పద్నాలుగేళ్ళు ఒకరినొకరు భరించుకున్న వాళ్ళం. కలిస్తే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. ముందు కొబ్బరికాయ ధర పడిపోయిందన్నాడు. తర్వాత తన పంటినొప్పి గురించి చెప్పాడు. అంబాజీపేట దాటాక, టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"అన్నట్టు మీకు తెలీదేమోనండి. మన బెజ్జాల మిషనాయన పోయేడు. పది రోజులైంది."

"ఏమైంది?"

"ఏవుందండి, ఊపిరందలేదంట. రంపప్పొట్టు మింగిన ప్రాణాలు కదండి మనయి. ఆదివారం సాయంత్రం ఆళ్ళింటి దగ్గర ఆదరణ కూడికంట, ప్రార్థన చేస్తారంట. కబురు పెట్టేరు. నేనెల్తన్నాను, మీరూ వస్తారా?"

ఆలోచిస్తానన్నాను. ఎవరేం అడిగినా ఆలోచిస్తానని చెప్పి, ఆ అడిగినవాళ్ళు విసిగి మరిచిపోయేదాకా కూర్చోవడం నా పాత అలవాటు. జీవితంలో చాలా పనులు నేను అలాగే చేయకుండా తప్పించుకున్నాను. కానీ మేస్త్రీ దిగిపోయాక ఆ రోజంతా నాకు ఇంకో పని మీద మనసు నిలవలేదు.

ఇక్కడో మాట చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఆయన్ని "నువ్వు" అనేవాణ్ణి, "ఏమోయ్" అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే కలం దానంతటదే "ఆయన" అంటోంది. మనిషి పోయాక ఇచ్చే మర్యాద చవకైనదని నాకు తెలుసు. అయినా అలాగే ఉండనిస్తాను.

మా షాపు అమలాపురంలో కాలవగట్టున ఉండేది. తలుపులు, కిటికీలు, బడి బల్లలు, చర్చిలకి బెంచీలు చేసేవాళ్ళం. యజమాని వ్యాపారాలన్నీ మద్రాసులో. ఆయన మనిషీ ఆ వైపు మనిషే, ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్ళేవాడు. మిగిలిన రోజుల్లో అంతా నేనే చూసుకోవాలి. నన్ను మేనేజరుగారు అనేవారు. మా ఇంట్లో ఏడు తరాలుగా వేదం చెప్పుకున్నారు. మా నాన్నగారు నాకూ చిన్నప్పుడే వేదపనసలు వల్లె వేయించారు. నేను ఇంగ్లీషు చదివి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి పనస దుంగలు కొలిచే చోట తేలాను. మా నాన్నగారి పనసలు వేరు, నా పనసలు వేరు అని మా బంధువులు చాలాకాలం నవ్వుకున్నారు. ఆ నవ్వు నాలో ఒక భయం నాటింది. ఎవరైనా నవ్వుతారేమోనన్న భయం. తర్వాత జరిగినదానికి అదే మూలం కాబట్టి ముందే చెబుతున్నాను.

తలుపు చట్రానికి అడ్డకర్ర చివర నాలుకలా చెక్కుతారు, దాన్ని కుసి అంటారు. అది దూరడానికి నిలువుకర్రలో తొలిచే నలుచదరపు కన్నం బెజ్జం. ఉలి, సుత్తి పట్టుకుని బెజ్జాలు కొట్టడం పొద్దస్తమానం పట్టే పని. అందుకని నేను యజమానికి మూడు ఉత్తరాలు రాసి, బతిమాలి, డెబ్బైల్లో ఒక బెజ్జాల మిషను తెప్పించాను. పైన మోటారు, దాని కింద నాలుగు పలకల బోలు ఉలి, ఆ ఉలి కడుపులో గిర్రున తిరిగే బరమా. పక్కనున్న పిడి పట్టుకుని కిందికి లాగితే బరమా గుండ్రంగా తొలుచుకుపోతుంది, చుట్టూ ఉన్న ఉలి మూలలు చెక్కేస్తుంది. చూడ్డానికి ఇంద్రజాలంలా ఉండేది.

మేస్త్రీలు దాన్ని ముట్టుకోలేదు. తాతలనాటి ఉలి చేతిలో ఉండగా ఈ కుళాయిగొట్టం మాకెందుకండి అన్నారు. రెండు వారాలు అది గోనెపట్టా కప్పుకుని మూల నిలబడింది. యజమాని ఎలా ఉందని ఉత్తరం రాస్తే బ్రహ్మాండంగా ఉందని జవాబు రాశాను. ఆ ఉత్తరం రాసిన రోజే, దుంగలు దింపే జట్టులోంచి ఈయన్ని పిలిచి మిషను దగ్గర నిలబెట్టాను. నమ్మకం ఉండి కాదు, ఇంకెవరూ లేక.

వాళ్ళ నాన్న ఎవరి పొలంలోనో పాలేరు. ఈయన మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివారు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవారు. అందుకని మేస్త్రీలు మిషనాయన అని పేరు పెట్టారు. మిషను బడిలో చదివాడు కాబట్టి ఒక మిషను, ఈ మిషను దగ్గర నిలబడ్డాడు కాబట్టి ఇంకో మిషను. ఎగతాళికి పెట్టిన పేరే కానీ ఆయన దాన్ని గౌరవంగానే తీసుకున్నారు. నెల తిరిగేసరికి కొత్తపేట నుంచి కూడా జనం వచ్చి "మిషనాయనగారు ఎవరండి" అని అడిగేవారు. దుంగలు మోసిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

మేస్త్రీలందరి చెవి మీదా పెన్సిలు ఉండేది. ఆయన చెవి మీద కొబ్బరి ఈనె ఉండేది. చీపురులోంచి లాగిన మామూలు ఈనె. అదేమిటోయ్ అని అడిగితే మొదటిసారి సిగ్గుపడ్డారు. తర్వాత చూపించారు. ఉలీ బరమా బిగించేటప్పుడు రెండిటి మొనలూ ఒకదాన్నొకటి తాకకూడదు, మధ్యలో సన్నటి సందు ఉండాలి. ఆ సందుకి కొలత ఈనె. పెద్ద బరమాకి ఈనె మొదలు, చిన్నదానికి చివర. అడ్డంపెట్టి బిగించి, తర్వాత ఈనె లాగేసేవారు.

"మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో ఉంటారు కదండి. అయినా ఓ ఈనెంత ఎడం ఉండాలండి. లేపోతే రోజూ కీచులాటేనండి" అన్నారు.

మిషను కీచుమన్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చి నవ్వొచ్చేది. అది తరచూ కీచుమనేది కూడా. మా కరెంటు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండేది కాదు, కర్ర తడిగా వచ్చేది, వానాకాలంలో అన్నీ తుప్పు పట్టేవి. శబ్దం రాగానే మిగతావాళ్ళు చమురుడబ్బా కోసం పరిగెత్తేవాళ్ళు. ఆయన చమురు ముట్టుకునేవారు కాదు. ముందు మిషను ఆపి, ఉలీ బరమా రెండూ ఊడదీసి, గోనెపట్టా మీద పక్కపక్కన పడుకోబెట్టి, ఒట్టి మోటారు తిప్పేవారు. ఒక కన్ను మూసుకుని వినేవారు.

"ముందు నోరు ఖాళీ చేసి అడగాలండి. నోట్లో ముద్ద పెట్టుకున్నోణ్ణి అడిగితే ఏం చెప్తాడండి?"

ఒట్టిగా తిప్పినప్పుడు కూడా అరిస్తే అది ఆకలి అరుపు, బేరింగుకి చమురు కావాలి. ఒట్టిగా తిప్పితే ఊరుకుని, బరమా పెట్టాక అరిస్తే నొప్పి అరుపు, ఎక్కడో ఒరుసుకుంటోంది. కర్రలో దిగాక మూలిగితే కడుపుబ్బరం, పొట్టు ఇరుక్కుంది. ఇలాంటివి ఆయనకి ఇంకా చాలా ఉండేవి, నేను కొన్ని మరిచిపోయాను. ఒకసారి రోజంతా వెతికి, శబ్దం మిషనుది కాదు, దాని కాళ్ళ కింద పరిచిన చెక్కదని తేల్చారు. "పాపం, ఆవిడ తప్పు లేదండి" అని మిషను మీద చెయ్యి వేసి నాతో అన్నారు. తప్పు ఎవరిదో తేలేదాకా ఎవరినీ ఒక మాట అనకపోవడం ఆయన పద్ధతి.

మర్యాద గురించి చెప్పకపోతే ఆయన సగమే. కోనసీమలో అండీ అననివాడు ఎవడు? కానీ ఈయనది ఇంకో మెట్టు. "ఆడు గేదెను కూడా కాస్త జరగండీ అంటాడండి" అని మేస్త్రీ వెక్కిరించేవాడు. ఇక ఆయన మాటిమాటికీ అనే "ఆయ్" గురించి నేను ఒక్కణ్ణే విడమరిచి చెప్పగలను, ఎందుకంటే స్వరం వినడం నేర్చుకున్న చెవి నాది. ఒక్క అక్షరం పైకెత్తినా కిందికి దించినా అర్థం తిరగబడుతుందని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి మరీ నేర్పారు. ఆయన ఆయ్ పొట్టిగా, కిందికి దిగితే "వింటున్నానండి" అని మాత్రమే. సాగితే "అలాగే చేస్తానండి". చివర కాస్త లేస్తే "అవునండి, నిజమేనండి". తల వంచుకుని, ఊపిరితో కలిపి అంటే "మీరు పెద్దవారు, నేనేమంటానండి" అని. కొత్తవాళ్ళకి ఇవన్నీ ఒక్కటే. మా ఊరివాళ్ళెవరికీ ఎప్పుడూ పొరపాటు జరగదు.

ఇప్పుడు ఆ ఆదివారం గురించి.

ఒక పెద్ద బడికి బల్లల పని నడుస్తోంది. శనివారం సాయంత్రం మేస్త్రీ నా గదిలోకి వచ్చి ఏదో మాట మీద మాట వచ్చి, "మీకేవండి, మంత్రాలు చదివే చేతులు. పిడి లాగమంటే తెలుస్తది" అన్నాడు. సరదాగానే అన్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళందరూ సరదాగానే నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు సెలవు. షాపు తాళం నా దగ్గరే ఉండేది. భోజనం చేసి, ఊరు కునుకు తీసే వేళ చూసి, ఒక్కణ్ణే వెళ్ళి షెడ్డు తలుపు తీశాను. ఎవరూ చూడకుండా నాలుగు బెజ్జాలు వేసి, సోమవారం ఆ కర్ర మేస్త్రీ ముందు పడేద్దామని. యాభై దగ్గరపడుతున్న మనిషికి ఉండాల్సిన బుద్ధేనా అది?

మిషనుకి పెద్ద బరమా ఉంది. నాకు చిన్నది కావాలి. మార్చాను. ఆయన మార్చడం వందసార్లు చూశాను కదా. ఈనె సంగతి గుర్తులేక కాదు. చుట్టూ చూస్తే ఈనె కనపడలేదు, చీపురు వెతకడానికి బద్ధకించాను. ఎంత బిగిస్తే అంత గట్టిగా ఉంటుందిలే అనుకున్నాను. పైకంటా తోసి, చేతులు ఎర్రబడేలా బిగించాను.

మొదటి బెజ్జానికే కీచుమంది. రెండోదానికి కేక పెట్టింది. ఆపాల్సింది. ఈ ఒక్కటీ అవనీ అనుకుంటూ పోయాను. నాలుగోదాంట్లో ఫట్టుమని ఒక శబ్దం, కాలిన వాసన, పిడి నా చేతిలో బిగుసుకుపోయింది. స్విచ్చి ఆపాను. అప్పుడు చీపురు వెతికి పొట్టు ఊడ్చాను. పాడైన కర్రని కాలవలో వదిలేశాను. తాళం వేసి ఇంటికి వెళ్ళి, తలనొప్పిగా ఉందని ముసుగు పెట్టి పడుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆయన వచ్చి, చేతులు తుడుచుకుని, స్విచ్చి వేశారు. ఆ అరుపుకి షెడ్డులో ఉన్న ప్రతి సుత్తీ ఆగిపోయింది. ఆయన వెంటనే ఆపేశారు. ఉలీ బరమా ఊడదీశారు. బరమా మొన నీలంగా కమిలిపోయింది, ఉలి మూతి చీలింది. అవి రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అలవాటు ప్రకారం ఒట్టి మోటారు తిప్పారు. బేరింగు మూలిగింది. ఆయన తలెత్తి నా గది వైపు చూశారు. నేను హాజరు పుస్తకం వైపు చూశాను.

"ఏం చేసేవోయ్?" అన్నాడు మేస్త్రీ.

"ఏవోనండి. శనివారం బాగానే ఉందండి."

అంతే అన్నారు. శనివారానికీ సోమవారానికీ మధ్య ఏముందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు. కానీ మేనేజరు మిషను ముట్టుకుంటాడని ఎవరూ కలలో కూడా అనుకోరు. ఆయన ఇంకొక్క మాట అని ఉంటే ఎవరైనా అనుకునేవారేమో. అనలేదు.

నాలుగు రోజులకి మిషను అమ్మిన కంపెనీ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. అతనికి తెలుగు అంతంత మాత్రం. రాగానే మిషను విప్పి, బేరింగు బయటికి లాగి, నన్ను కాగితం తీసుకుని పక్కన కూర్చోమన్నాడు. ఈయన్ని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

"నువ్వేనా నడిపేది? సందు పెట్టకుండా టైటు చేసినావా?"

"ఆయ్."

"సౌండు వస్తే కూడా ఆపలేదా?"

"ఆయ్."

"ఏంటిది, చీపురు పుల్లా? దీంతో సెట్టింగు చేస్తావా?"

"ఆయ్. దాంతోనేనండి."

మొదటి రెండూ కిందికి దిగిన పొట్టి ఆయ్‌లు. మీరడిగింది విన్నానండి, తర్వాత నా మాట చెప్తానండి అని. మూడోది మాత్రమే అవునండి. మెకానిక్కు ఆయన రెండో మాట కోసం ఆగలేదు. నా వైపు తిరిగి, ఒప్పుకున్నాడు, రాయండి అన్నాడు. నేను రాశాను. మంచి ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, సందు లేకుండా బిగించినట్టూ, శబ్దం వచ్చినా ఆపనట్టూ, చీపురు పుల్లతో మిషను నడుపుతున్నట్టూ పనివాడు స్వయంగా ఒప్పుకున్నాడని రాశాను. ఏడు తరాలు స్వరం తప్పకుండా కాపాడిన వంశంలో పుట్టి, మూడు ఆయ్‌లనీ ఒకే ఆయ్‌గా రాశాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డానేమో అని మీరు నా తరఫున అనుకోవచ్చు. అదేం కాదు. యజమాని నన్ను ఒక్క మాట అని ఊరుకునేవాడు. మేస్త్రీ నవ్వుతాడని, షెడ్డంతా నవ్వుతుందని, ఆ నవ్వు మా అగ్రహారం దాకా వెళుతుందని. అందుకు.

సంతకం పెట్టమని కాగితం ఇచ్చినప్పుడు ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఏం రాసేరండి?" అని అడిగారు.

"ఏముందోయ్, మామూలే. మిషను పాడైందని."

"ఆయ్" అని, బల్ల మీద వంగి, మిషను బడిలో నేర్చుకున్న అక్షరాల్లో పూర్తి పేరు రాశారు. తలకట్లు కూడా వదలకుండా పెట్టారు.

మద్రాసు నుంచి వారానికి ఉత్తరం వచ్చింది. ఆయన్ని మిషను మీంచి తీసేశారు. మేస్త్రీ మేనల్లుడు ఆ చోటికి వచ్చాడు. ఈయన మళ్ళీ దుంగల జట్టులోకి వెళ్ళారు. నలభై అయిదు దాటిన భుజం మళ్ళీ మొదట్నుంచి కాయ కాయాల్సి వచ్చింది. కొత్తపేటలో అలాంటి మిషనే కొన్న షాపు ఒకటుంటే అక్కడికి వెళ్ళి అడిగారట. వాళ్ళు మా మేస్త్రీని విచారించారు. "పాడు చేసేడండి, ఆడే ఒప్పుకున్నాడు, కాయితం ఉంది" అని మేస్త్రీ తనకు తెలిసిందే చెప్పాడు. మిషనాయన అనే పేరు అలాగే ఉండిపోయింది కానీ, దాని పక్కన అందరూ "మిషను పాడుచేసినాయన" అని ఒక ముక్క తగిలించారు.

ఆయన నాతో ఏ తేడా చూపించలేదు. రోజూ పొద్దున్న "దండాలండి" అనేవారు. నేను తలాడించేవాణ్ణి. చెప్పడానికి అదేమంత పెద్ద సంగతి కాదు. కానీ ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే ఆ దండం పుచ్చుకోవడం ఎంత అలుపో నాకు తెలుసు. అది జరుగుతున్నన్నాళ్ళూ నేను సాయంత్రానికి కాదు, పొద్దున్నకే అలిసిపోయేవాణ్ణి.

ఒక్కసారే ఆయన నోరు విప్పారు. కొత్త బేరింగు వేశాక మిషను బాగానే నడిచింది కానీ మేనల్లుడి చేతిలో నెలకోసారి కీచుమనేది. కుర్రాడు చమురు పోసి పోసి నేలంతా జిడ్డు చేశాడు. ఒక మధ్యాహ్నం ఆ అరుపు భరించలేక నేనే పెరట్లోకి వెళ్ళాను. ఆయన దుంగ మీద కూర్చుని మెడ తుడుచుకుంటున్నారు.

"ఓసారి వచ్చి చూడవోయ్. నీకైతే తెలుస్తుంది."

"ఆయ్" అని లేచారు. నా వెనకే షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. గడప దాటలేదు. చెవి మీంచి ఈనె తీసి, వేలెడు ముక్క తుంచి, నా చేతిలో పెట్టారు.

"మీరు పెట్టెయ్యండి. మీకు తెలుసు కదండి."

మాటలో వెటకారం లేదు. ఉంటే నేను కోప్పడి బతికిపోయేవాణ్ణి. ఆయన వెనక్కి వెళ్ళి దుంగకి తాడు బిగించుకున్నారు. ఆ ముక్కని నేను మేనల్లుడికి ఇచ్చి, ఇది అడ్డం పెట్టి బిగించు అన్నాను. "మీకెలా తెలుసండి?" అన్నాడు వాడు. చూశానులే అన్నాను.

ఆ తర్వాత ఆరేడేళ్ళు ఒకే షాపులో ఉన్నాం. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు ఆయన. నేను ఎత్తుదామని రెండు మూడుసార్లు పెరడు దాకా వెళ్ళి, దుంగలు లెక్కపెట్టి వచ్చేశాను. ఆయన మానేశారు, తర్వాత నేను మానేశాను, తర్వాత షాపే మూతపడింది. ఆలోచిస్తూనే ఉన్నాను. అంతలో బస్సులో కబురు తెలిసింది.

ఆదివారం మేస్త్రీతో కలిసి వెళ్ళాను. సఖినేటిపల్లి రేవుకి పోయే దారిలో వాళ్ళ ఊరు. పెంకుటిల్లు, ముందు తాటాకు పందిరి, పందిట్లో బల్లలు. జనం బాగానే వచ్చారు. మేస్త్రీ తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చెప్పులు విప్పి వరండాలోకి వెళ్ళాను. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎవరో చెబితే లేవబోయింది. వద్దన్నాను.

"మేనేజరుగారాండి. ఇంత దూరం వచ్చేరా. మీ గురించి మంచిగానే చెప్పేవోరండి ఆయన."

ఆ మాటతో నాకు ఇంక కూర్చోవడానికి కూడా చేతకాలేదు. నిలబడే ఉన్నాను. ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుని అడిగింది:

"ఓ మాట అడుగుతానండి, ఏవనుకోకండి. ఆయన మిషను పాడు చేసేడన్నారు కదండి అప్పట్లో. ఇంట్లో అడిగితే ఎప్పుడూ చెప్పలేదండి. ఊరుకోవే అనేవోరు. మా అబ్బాయి పెళ్ళిలో కూడా ఎవరో అన్నారండి ఆ మాట. తవరు అక్కడే ఉన్నారు కదండి. నిజంగా ఆయనే చేసేరాండి?"

"లేదమ్మా" అన్నాను. "నేను చేశాను. ఆదివారం పూట ఒక్కణ్ణే వెళ్ళి పాడుచేశాను. కాగితం మీద ఆయన పేరు రాశాను. ఏం రాశానో అడిగితే అబద్ధం చెప్పాను."

ఇన్నేళ్ళు మోసిన మాట మూడు వాక్యాల్లో అయిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా పొమ్మంటుందనుకున్నాను. పోనీలెండి అంటుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాను, దాచడం ఎందుకు. ఆవిడ నా మొహం వంకే చూస్తూ కూర్చుంది. పందిట్లో ఎవరో పాటల పుస్తకాలు పంచుతున్నారు.

"నాకొక్కదానికి చెప్తే ఏం లాభవండి" అంది చివరికి. "ఆయన పాడు చేసేడన్న మాట అందరూ విన్నారు కదండి. ఇదీ అందరూ వినాలి కదండి. ఇయ్యాల సాక్ష్యాలుంటాయి. తవరు చెప్పండి."

వాళ్ళ కూడికల్లో ఎవరైనా లేచి, తమ జీవితంలో జరిగింది నలుగురి ముందూ చెప్పడాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. మామూలుగా మేలు జరిగిన సంగతులు చెబుతారు. నాకు ఆ మాట కోర్టులో మాటలాగే వినిపించింది.

ఆలోచిస్తానని నోటి దాకా వచ్చింది. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. నేను పందిట్లోకి వెళ్ళి ఒక బల్ల చివర కూర్చున్నాను. పందిట్లో పాట అయింది, పాస్టరుగారు ప్రార్థన చేశారు, పోయినాయన తమ్ముడు ఏదో మంచి మాట చెప్పి కూర్చున్నాడు. అప్పుడు ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడి, పాస్టరుగారితో "అయ్యగారూ, మేనేజరుగారు సాక్ష్యం చెప్తారంటండి" అంది.

అందరూ నా వైపు తిరిగారు. రెండో బల్ల మీద మేస్త్రీ, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఈ బాపనాయన ఏం చెబుతాడా అని నవ్వు మొహంతో చూస్తున్నాడు. ఆ నవ్వే. పందిరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తాళం దగ్గర మొదలుపెట్టాను. తాళం నా దగ్గరే ఉండేదని, ఆదివారం మధ్యాహ్నం నేనే తీశానని, బరమా నేనే బిగించానని, అరుస్తున్నా ఆపలేదని. ఆయన ఆయ్ అంటే ఏమిటో తెలిసి కూడా ఇంకోలా రాశానని. నేల చూస్తూ చెప్పాను. చెప్పడం అయ్యాక తలెత్తితే మేస్త్రీ మొహంలో నవ్వు లేదు. గ్లాసు కింద పెట్టేసి తన చేతుల వంక చూసుకుంటున్నాడు. నేను నా బల్ల వైపు ఒక అడుగు వేశాను.

"బాబుగారండీ" అంది ఆవిడ గుమ్మంలోంచి, ఎంతో మర్యాదగా. "ఎనకున్నోళ్ళకి వినపళ్ళేదంటండి. కాస్త గట్టిగా చెప్పండి."

వెనక్కి వచ్చి, మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.